శిథిలం అన్న మాట నేనూ రాశాను

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా ఊరి కాలువ లాకుల దగ్గరున్న పాత బంగళా గురించి చిన్న వార్త వేశారు. భవనం శిథిలావస్థకు చేరిందనీ, ప్రమాదకరంగా ఉందనీ, దాన్ని తొలగించి ఆ స్థలంలో షాపులు కట్టే ఆలోచన ఉందనీ రాశారు. మీ విలేకరి తప్పేమీ లేదు. ఆఫీసులో చెప్పిందే ఆయన రాశారు. కానీ ‘శిథిలావస్థ’ అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. నేను మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ మాట నా చేత్తో ఎన్ని ఫైళ్లలో రాశానో లెక్క లేదు. వాటిలో ఒక్క ఫైలు గురించి మాత్రం ఇన్నేళ్లకైనా చెప్పాలి.

1993 వేసవి. నేను అప్పుడు బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ని. ఊరి పేరు రాయను, సత్రం కట్టించిన దాతల కుటుంబం ఇంకా అక్కడే ఉంది. అది మండువా సత్రం. ముందు బారుగా అరుగు, ఆరు టేకు స్తంభాలు, లోపల చుట్టూ వరండా, మధ్యలో వాన పడే మండువా, వెనక వంటసాలలో పెద్ద గాడిపొయ్యి. గోదావరి స్నానానికీ, ద్రాక్షారామానికీ వెళ్లే బాటసారుల కోసం ఎప్పుడో కట్టించారు. బస్సులు వచ్చాక వచ్చేవాళ్లు తగ్గారు. నేను వెళ్లేసరికి ముందు అరుగు మీద ఒక ముసలాయన చెప్పులు కుట్టుకుంటున్నాడు, లోపల ఎవరూ లేరు.

నేను లోపల ఉన్నది పావుగంట. గోడ మీద రావి మొక్క మొలిచింది. ఒక మూల పెంకులు జారి వాన కారింది. రెండు వాసాలకు చెద పట్టింది. సాయంత్రంలోగా రిపోర్టు కావాలని పైవాళ్లు టెన్షన్ పెడుతున్నారు. ‘భవనము శిథిలావస్థలో ఉన్నది, నివాసయోగ్యము కాదు, తొలగించదగును’ అని రాసి సంతకం పెట్టాను. ఆ స్థలం ఎవరికి కావాలో, ఎందుకు కావాలో నాకు తెలియదని ఇప్పుడు అనలేను. అడగలేదు, అంతే.

కూల్చే పని ఒప్పుకున్న మేస్త్రి మూడు రోజుల పని అన్నాడు. పదకొండు రోజులు పట్టింది. గానుగ సున్నంతో కట్టిన గోడ అది. గునపం దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి కానీ ఇటుక ఊడిరాలేదు. ఐదో రోజున నేను అటువైపు వెళ్తే ఆ మేస్త్రి చెమట తుడుచుకుంటూ, “ఏవండీ, దీన్ని శిథిలం అన్నదెవరండీ?” అని అడిగాడు. నేనే అని చెప్పలేదు. దాత పేరు చెక్కిన రాతిపలక తర్వాత చాలా కాలం ఒక డ్రెయిను మీద మూతగా ఉండేది. అక్షరాలు కిందివైపు పెట్టారో, పైనే ఉండి అరిగిపోయాయో, నేను దాని మీద నుంచి నడిచి వెళ్లినప్పుడు ఎప్పుడూ కిందికి చూడలేదు.

ఈ సంగతి మా ఆవిడకు కూడా పూర్తిగా చెప్పలేదు. చెప్పాల్సి వచ్చింది ఇంగ్లండులో.

మా అమ్మాయీ అల్లుడూ డడ్లీ దగ్గర ఉంటారు. బర్మింగ్‌హామ్‌కు పడమర వైపు, ఒకప్పుడు బొగ్గు గనులు, ఇనుప కొలుములతో నిండిన ప్రాంతం. 2019లో మేము మొదటిసారి వెళ్లినప్పుడు మా అల్లుడు ఒక ఆదివారం “మావయ్యా, మీకు ఒక వంకర ఇల్లు చూపిస్తాను” అని హిమ్లీ దగ్గరకు తీసుకెళ్లాడు. అది పబ్బు. నేను మొదట వెళ్లనన్నాను. పబ్ అంటే మనకు హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాకా డీజే మోగే చోటు కదా. అక్కడికి వెళ్లాక తెలిసింది, ఆ మాట ‘పబ్లిక్ హౌస్’కు పొట్టి పేరు అని. మన మాటల్లో నలుగురి ఇల్లు. ముసలాళ్లు పేపరు చదువుకుంటున్నారు, పిల్లలు బంగాళాదుంప వేపుళ్లు తింటున్నారు, ఒకాయన కాళ్ల దగ్గర కుక్క నిద్రపోతోంది. నేనూ మా ఆవిడా నారింజ రసం తాగాం.

ఆ భవనం ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒక చివర రెండో చివర కంటే దాదాపు నాలుగు అడుగులు కిందికి దిగింది. 1765లో రైతు ఇల్లుగా కట్టారు. 1830 ప్రాంతంలో పబ్బు అయింది. కింద బొగ్గు తవ్వడంతో నేల కుంగి, ఇల్లు అలాగే వాలిపోయింది. అసలు పేరు గ్లిన్ ఆర్మ్స్, అక్కడి జమీందారు ఇంటిపేరు మీద. జనం మాత్రం క్రూకెడ్ హౌస్, అంటే వంకర ఇల్లు అనే పిలిచేవారు. లోపల నిలబడితే తల తిరిగినట్టు ఉండేది. నిటారుగా వేలాడే గడియారం వంకరగా కనిపించేది, వంకర గోడ నిటారుగా కనిపించేది. మా మనవడు బల్ల మీద గోళీ పెడితే అది ఎత్తు వైపు దొర్లినట్టు కనపడింది. వాడు ఇరవై సార్లు పెట్టి ఉంటాడు.

నేను మాత్రం గోడల్ని చూస్తూ ఉండిపోయాను. వృత్తి అలవాటు. మన దగ్గరైతే ఆ ఇంటికి గుమ్మంలో నిలబడే నోటీసు రాసేవాణ్ణి. అక్కడ కూడా 1940లలో కూల్చేయాలనే అన్నారట. అప్పుడు ఒక బీరు కంపెనీ దాన్ని కొని, గోడలకు బయట నుంచి ఇటుక దన్నులు కట్టి, ఇనుప దూలాలు బిగించి నిలబెట్టింది. ఆ తర్వాత ఎనభై ఏళ్లు జనం అందులో కూర్చుని భోంచేశారు. నాలుగు అడుగులు ఒరిగిన ఇల్లు ఎనభై ఏళ్లు నిలబడింది. రెండు వాసాలకు చెద పట్టిన సత్రానికి నేను ఒక్క సంవత్సరం కూడా ఇవ్వలేదు. ఇంటికి వచ్చే దారిలో కారులో మా ఆవిడకు 1993 సంగతి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ సత్రంలో మా పెద్దమ్మ కాశీ వెళ్తూ రెండు రోజులు ఉందండీ” అంది.

2023లో మళ్లీ వెళ్లాం. ఆ జూలైలో ఆ పబ్బును అమ్మేశారు. ఆగస్టు 5న, శనివారం రాత్రి, అది తగలబడింది. 7వ తేదీ సోమవారం మధ్యాహ్నానికి యంత్రం తెచ్చి మొత్తం నేలమట్టం చేశారు. మొత్తం కూల్చమని తాము చెప్పలేదనీ, ప్రమాదంగా ఉన్న పై అంతస్తు గోడలో కొంత భాగం తీయడానికే ఒప్పుకున్నామనీ అక్కడి కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, ప్రకటించింది. మంట ఎలా అంటుకుందో తేల్చడం పోలీసుల పని, దాని జోలికి నేను పోను. నేను చెప్పదలచింది జనం గురించి. మేము ఆ వారంలోనే వెళ్లాం. సన్న దారి పొడుగునా కార్లు. కంచె బయట మనుషులు ఊరికే నిలబడి ఇటుకల కుప్పను చూస్తున్నారు. ఒకావిడ తన పెళ్లి విందు అక్కడే జరిగిందని మా అమ్మాయితో చెప్పి ఏడ్చింది. అది రాజుగారి కోట కాదు, గుడి కాదు. ఒక రైతు ఇల్లు, తర్వాత బీరు అమ్మిన చోటు. దాని కోసం అంతమంది వచ్చారు.

ఇంకో సంగతి చెప్పాలి. ఇంగ్లండులో చరిత్ర ఉన్న కట్టడాలకు ఒక జాబితా ఉంది. యుద్ధకాలంలో బాంబుల మధ్య ఏది కాపాడుకోవాలో చూడటానికి మొదలైన పని, 1947 చట్టంతో గట్టిపడింది. ఇప్పుడు అందులో దాదాపు నాలుగు లక్షల నమోదులు ఉన్నాయి. మూడు తరగతులు. అన్నిటికంటే పై తరగతిలో ఉన్నవి చాలా తక్కువ. నూటికి తొంభైకి పైగా కింది తరగతివే, అంటే మామూలు ఇళ్లు, దుకాణాలు, బడులు, పబ్బులు. జాబితాలో ఉంటే అనుమతి లేకుండా కూల్చడం నేరం. కిటికీ మార్చాలన్నా అడగాలి. ఈ వంకర ఇల్లు మాత్రం ఆ జాబితాలో లేదు. చేర్చమని అర్జీ పెట్టిన కొద్ది రోజులకే ఇలా అయింది.

అయినా కథ అక్కడితో ఆగలేదు. 2024 ఫిబ్రవరిలో సౌత్ స్టాఫర్డ్‌షైర్ కౌన్సిల్ నోటీసు ఇచ్చింది. మూడేళ్లలోగా ఆ భవనాన్ని అగ్నిప్రమాదానికి ముందు ఎలా ఉందో అలా తిరిగి కట్టాలని. జాబితాలో లేని భవనానికి! ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఇలాంటి నోటీసు నేను రాయలేదు, ఎవరైనా రాయగా చూడలేదు. మేము రాసేవి రెండే రకాలు. అనుమతి లేకుండా కట్టావు, కూల్చు. లేదా పాతబడింది, కూల్చు. ‘కూల్చావు, కట్టు’ అన్న నోటీసు ఉంటుందని నాకు తట్టనే లేదు.

దీనికి ముందు లండన్‌లో ఒకటి జరిగింది. మైడా వేల్‌లో కార్ల్‌టన్ టావెర్న్ అని ఒక పబ్బు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ బాంబుకు పాతది పోతే 1920–21లో కట్టింది. 2015 ఏప్రిల్‌లో, జాబితాలో చేర్చడానికి రెండు రోజుల ముందు, అనుమతి లేకుండా కూల్చేశారు. చుట్టుపక్కల వాళ్లు ఊరుకోలేదు. వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ దాన్ని ఇటుక ఇటుకగా తిరిగి కట్టమంది. 2021 ఏప్రిల్‌లో తలుపులు మళ్లీ తెరిచారు. అది ఎలా వీలైందంటే, అనుమానం వచ్చిన స్థానికులు ముందే వారసత్వ శాఖ వాళ్లను పిలిపించారు, వాళ్లు వచ్చి ఫొటోలు తీసి, వివరాలు రాసి పెట్టుకున్నారు. ఆ కాగితాలు ఉన్నాయి కాబట్టే ‘ఎలా ఉండేదో మాకు గుర్తు లేదు’ అనడానికి కుదరలేదు. మన సత్రాలకు, బంగళాలకు ఒక కొలత కాగితం ఉందా? ఆ రోజు నా పావుగంటలో నేను టేపు బయటకు తీయలేదు.

తిరిగి కట్టింది పాతదానికి సమానమా అంటే కాదు. 1765 నాటి మట్టితో కాల్చిన ఇటుక వేరు, దాన్ని పేర్చిన చెయ్యి వేరు. వంకర ఇంటిని వంకరగానే మళ్లీ కట్టడం కొంచెం విడ్డూరంగా అనిపిస్తుందని మా అల్లుడు కూడా అన్నాడు. నాకు అలా అనిపించదు. కూల్చేస్తే ఖాళీ స్థలం చేతికి వస్తుందన్న ఆశ మీదే ఈ పనులన్నీ జరుగుతాయి. చేతికి వచ్చేది మళ్లీ అదే భవనం అయితే, వాన నీటి గొట్టం పూడిపోయి గోడ నాని పాడైపోయేలా ఎవరూ వదిలేయరు.

పాతదంటే అన్నీ నమ్మేయాలనీ కాదు. నాటింగ్‌హామ్‌లో కోట కొండ కింద ఒక పబ్బు ఉంది, గోడ మీద 1189 అని పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. వెనక గదులు కొండను తొలిచిన గుహలు. ఆ ఊళ్లోనే మరో రెండు పబ్బులు మేమే పాత అంటాయి. చివరికి దూలాల్లో చెట్టు వయసు చెప్పే వలయాలు లెక్కపెట్టి చూస్తే, ఆ మిగతా రెండింటి కలప 15వ శతాబ్దానిదని తేలింది. 1189 అని రాసుకున్నదాని కట్టడం 17వ శతాబ్దానిది. మన ఊళ్లలోనూ ప్రతి పాత గోడా శ్రీకృష్ణదేవరాయలు కట్టించిందే అంటారు. అంత అవసరం లేదు. వందేళ్ల నాటిదైతే వందేళ్ల నాటిదని రాసుకుని కాపాడుకుంటే చాలు.

నాకు అన్నిటికంటే మనసుకు హత్తుకున్నది బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న స్మెతిక్ ఊరి సంగతి. 1960లలో అక్కడి కొన్ని పబ్బుల్లో మనవాళ్లను మంచి గదిలో కూర్చోనిచ్చేవారు కాదు. ఇనుప ఫౌండ్రీల్లో పనిచేసి వచ్చిన పంజాబీలు అదే డబ్బు ఇచ్చి వేరే గదిలో నిలబడాలి. భారతీయ కార్మిక సంఘం వాళ్లు దాని మీద పోరాడారు. 1965 ఫిబ్రవరిలో అమెరికా నుంచి నల్లజాతి హక్కుల నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్వయంగా ఆ ఊరు వచ్చి, అలాంటి పబ్బుకే వెళ్లారు. ఆ తర్వాత తొమ్మిది రోజులకే న్యూయార్క్‌లో ఆయన్ని చంపేశారు. అదే సంవత్సరం బ్రిటన్ చట్టం చేసి బహిరంగ స్థలాల్లో ఇలాంటి వివక్షను నిషేధించింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లలో మూతపడబోయిన పాత పబ్బుల్ని పంజాబీలే కొని నడుపుతున్నారు. దేశీ పబ్ అంటారు. వెస్ట్ బ్రామిచ్‌లో ఒకదానికి మా అల్లుడు తీసుకెళ్లాడు. పాత చెక్క బల్లలు, పాత గోడలు, రంగుటద్దాల కిటికీలో మాత్రం వలస వచ్చిన మనవాళ్ల బొమ్మలు. చిటపటలాడుతున్న ఇనుప పెనం మీద కోడిమాంసం తెచ్చి పెట్టారు. పక్క బల్ల దగ్గర తెల్లవాళ్లు అదే తింటున్నారు. ఆ భవనాలను అప్పట్లోనే కూల్చేసి ఉంటే, వెళ్లగొట్టిన చోటుకే యజమానులుగా వచ్చిన ఆ మనుషుల కథను ఏ గోడ చూపించి చెప్పేవాళ్లు?

ఇప్పుడు మా ఊరికి వస్తాను.

వాళ్లకు పబ్బులు ఉన్నట్టే మనకు సత్రాలు ఉండేవి. తాగుడు తీసేస్తే పని ఒకటే, దారిన పోయేవాడికి కప్పు, నలుగురు కలిసే చోటు. ఆ వంకర ఇల్లు పబ్బు అయిన రోజుల్లోనే, 1830 మేలో, ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, ఏ ఊళ్లో సత్రం ఉందో, ఎక్కడ అంగళ్లు ఉన్నాయో దారి పొడుగునా రాసుకుంటూ వెళ్లారు. తర్వాత కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయి, డెల్టాలో కాలువలు పారి, పడవలే బస్సులైనప్పుడు లాకుల దగ్గర బంగళాలు వచ్చాయి. గదులు ఆఫీసర్లవే. కానీ రాత్రి పూట పడవ ఆగిపోతే వరండాలో పడుకునేది మనవాళ్లే. మా నాన్నగారు చిన్నప్పుడు పెళ్లివారితో కలిసి ఈ బంగళా వరండాలోనే ఒక రాత్రి పడుకున్నారట. తెల్లారి లాకు తలుపులు తెరిచినప్పుడు నీళ్ల చప్పుడుకు లేచామని చెప్పేవారు.

మీ వార్త చదివిన మర్నాడే వెళ్లి చూసి వచ్చాను. డెబ్భై ఒకటి దాటినా గోడ చూడటం మర్చిపోలేదు. గోడ మందం రెండు అడుగులకు తక్కువ లేదు. స్క్రూడ్రైవరుతో నాలుగు చోట్ల పొడిచి చూశాను, సున్నం రాలలేదు. ఒక్క చోట కూడా నిలువునా బీట లేదు. మరి శిథిలం ఎక్కడుంది? మిద్దె మీద వాన నీరు దిగే గొట్టంలో ఆకులూ, పిచ్చుక గూడూ కూరుకుపోయి ఉన్నాయి. నీరు దిగే దారి లేక గోడలోకి ఊరింది, ఆ మూల గచ్చు ఊడింది. ఆ తడికి రావి మొక్క మొలిచింది. మళ్లీ అదే రావి మొక్క. చెయ్యి వేసి చూస్తే వేరు ఇంకా బొటనవేలంత కూడా లేదు. ఒక గదిలో రెండు వాసాలు మార్చాలి. నా అనుభవంలో ఇది కూల్చే పని కాదు, ఇద్దరు మనుషులకు రెండు వారాల పని.

పెద్ద భవనాలకు కోర్టులు ఉన్నాయి. హైదరాబాద్‌లోని పాత రాజభవనం ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని తెలంగాణ హైకోర్టు 2019 సెప్టెంబరులో కొట్టేసింది, ఎందరో పెద్దలు పట్టుబట్టారు కాబట్టి. లాకుల దగ్గర బంగళా కోసం హైకోర్టుకు ఎవరు వెళ్తారు? దాని తలరాత ఒక చిన్న ఉద్యోగి పావుగంటలో రాసే రిపోర్టు మీదే ఉంటుంది. అందుకే ఇప్పుడు సర్వీసులో ఉన్న మా డిపార్టుమెంటు తమ్ముళ్లకు చెబుతున్నాను. ఆ మాట రాసే ముందు మిద్దె ఎక్కండి, గొట్టం చూడండి. ఇంజినీరు గోడ కొట్టి చూడకుండా, నాలుగు వైపులా ఫొటోలూ కొలతలూ ఫైల్లో పెట్టకుండా రాయకండి. పైవాళ్లు సాయంత్రంలోగా కావాలంటే, రేపు ఇస్తానని చెప్పండి. నేను ఆ రోజు అలా చెప్పి ఉంటే ఉద్యోగం పోయేది కాదు.

ప్రభుత్వాన్ని అడిగేది కూడా ఒకటే. పాత భవనాన్ని కూల్చాలంటే కనీసం నెల ముందు దాని గుమ్మానికే బోర్డు కట్టాలి, ఊరు చెప్పేది వినాలి. చెప్పకుండా కూల్చినవాళ్ల చేత తిరిగి కట్టించే అధికారం మున్సిపాలిటీలకూ పంచాయతీలకూ స్పష్టంగా ఇవ్వాలి, దాన్ని వాడాలి.

బంగళా తాళంచెవి సెక్షన్ ఆఫీసులో ఉందని తెలిసింది. కొలతలు తీయడానికి రెండు రోజులు అనుమతి ఇవ్వమని అర్జీ పెట్టాను. పాలిటెక్నిక్ చదివే పిల్లలు ఇద్దరు టేపు పట్టుకోవడానికి వస్తామన్నారు. నక్షా గీసి ఒక కాపీ మీ కార్యాలయానికి, ఒకటి మా ఊరి లైబ్రరీకి ఇస్తాను. అనుమతి వస్తే గొట్టం శుభ్రం చేసి, ఆ మొక్కను వేరుతో సహా తీయించే ఖర్చు నా పింఛనులోంచి పెట్టుకుంటాను. వానలు మొదలయ్యేలోగా జరగాలి. ఆ మూల ఇంకో వానకాలం ఆగదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టౌన్ ప్లానింగ్ ఉద్యోగి,
తూర్పు గోదావరి జిల్లా